నెలాఖరున చదువు లెక్క: చదివింది తూచుకుని వచ్చే నెల పుస్తకాలు ఎంచుకోవడం ఎలా

నెల తిరిగేసరికి ఎన్ని పుస్తకాలు పూర్తయ్యాయో చెప్పడం తేలిక. ఏ పుస్తకం ఎన్నో పేజీ దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది అంటే చాలామంది తడుముకుంటారు. వచ్చే నెల జాబితా పుట్టవలసింది ఈ రెండో ప్రశ్నలోంచే. అలా కాక ఎవరో వాట్సాప్‌లో పంపిన ‘తప్పక చదవాల్సిన వంద’ లోంచి పుడితే మూడో వారానికల్లా మూలన పడుతుంది.

పనికి కావలసింది ఒక పొడుగు నోటుబుక్కు, ఒక పెన్ను, రెండు పూటల్లో కలిపి గంటన్నర. నెలలో చివరి ఆదివారం ముప్పావు గంట లెక్కకు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఆగి ఇంకో ముప్పావు గంట ఎంపికకు. రెండూ ఒకే పూట పెట్టుకోవద్దు. లెక్క తక్కువగా తేలిన ఉక్రోషంలో మనిషి అన్నిటికంటే లావుపాటి పుస్తకం మీద చెయ్యి వేస్తాడు. అది పదో తేదీకి దిండు పక్కకి, ఇరవయ్యో తేదీకి అటక మీదికి చేరుతుంది.

ముందు అన్నీ ఒకచోట చేర్చండి

ఈ నెలలో ముట్టుకున్న పుస్తకాలన్నీ మంచం మీదో నేల మీదో పేర్చండి. పూర్తయినవి ఒక దొంతర, సగంలో ఉన్నవి ఇంకొకటి, కొని తెరవనివి మూడోది. లైబ్రరీకి తిరిగి ఇచ్చేసినవాటికి బదులు పేరు రాసిన చీటీ పెట్టండి. ఫోన్లో చదివిన పీడీఎఫ్‌లకూ, కిండిల్ పుస్తకాలకూ చీటీలే. ఆదివారం అనుబంధాల్లో, మాసపత్రికల్లో చదివిన కథలు చాలామంది లెక్కలోకి తీసుకోరు. నెలకు పది కథలు చదివితే అది ఒక సంపుటితో సమానం, కాబట్టి వాటికీ ఒక చీటీ ఉండాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్న నడుస్తూ విన్న ఆడియో పుస్తకాలను మాత్రం పేజీల్లో కలపొద్దు, గంటల్లో విడిగా రాయండి. విన్నదీ చదివిందీ ఒకే గంపలో పోస్తే తర్వాత వేగం లెక్క తప్పుతుంది.

నోటుబుక్కులో ఒక్కో పుస్తకానికి ఒక వరస. పేరు, మొత్తం పేజీలు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ లేదా ఆగిన పేజీ, ఎలా చేతికొచ్చింది (కొన్నదా, లైబ్రరీదా, ఎవరైనా ఇచ్చారా). చివరి గడి వెడల్పుగా ఉంచండి, దాంట్లో ఒక వాక్యం పట్టాలి. నక్షత్రాలు, మార్కులు వేయకండి. నాలుగు నక్షత్రాలు వేసిన పుస్తకంలో ఏం నచ్చిందో ఆరు నెలల తర్వాత ఆ నాలుగు నక్షత్రాలు చెప్పలేవు. ‘రెండో భాగంలో ఉత్తరాల వరకు బాగుంది, కోర్టు గొడవ సాగింది’ అన్న ముక్క చెబుతుంది.

‘ఎలా చేతికొచ్చింది’ అన్న గడి ఉత్తదనిపిస్తుంది కానీ మూడు నెలలు నింపి చూడండి. గడువున్న లైబ్రరీ పుస్తకాలు పూర్తవుతున్నాయి, సొంతవి ఆగిపోతున్నాయి అని తేలే ఇళ్లు ఎక్కువ. తేలితే చేయవలసింది స్పష్టం: కొనడం తగ్గించి అరువు పెంచడం, లేదా సొంత పుస్తకం లోపలి అట్ట మీద పెన్సిలుతో మీరే ఒక గడువు తేదీ వేసుకోవడం.

అట్ట మూసి అయిదు వాక్యాలు

పూర్తయిన ప్రతి పుస్తకం గురించి, దాన్ని తెరవకుండా, అయిదు వాక్యాలు రాయండి. కథ సారాంశం అక్కర్లేదు. ఎవరు గుర్తున్నారు, ఏ సన్నివేశం కళ్లముందుంది, ఏ మాట దగ్గర ఆగి వెనక్కి వెళ్లి చదివారు, ఎక్కడ విసుగొచ్చింది, రచయితతో ఎక్కడ ఒప్పుకోలేదు. పుస్తకానికి అయిదు నిమిషాలు మించనివ్వకండి. ఆ తర్వాత పుస్తకం తెరిచి పేర్లు, క్రమం సరిచూసుకోండి.

అయిదు రాయలేకపోతే పుస్తకం మీద తీర్పు చెప్పేముందు మీరు దాన్ని ఏ వేళ చదివారో చూడండి. రాత్రి పదకొండు తర్వాత రోజుకు నాలుగేసి పేజీల చొప్పున చదివిన నవల ఎంత గొప్పదైనా మనసులో నిలవదు. ప్రతిసారీ పాత్రలను కొత్తగా పరిచయం చేసుకోవాల్సి వస్తుంది. దానికి మందు సులభం: ఒకే కూర్చోడంలో కనీసం ఇరవై పేజీలు, పేర్లు ఎక్కువున్న నవలకు ఒక చీటీ మీద ఎవరు ఎవరికి ఏమవుతారో రాసి పుస్తకంలోనే ఉంచడం. పగలు, నిదానంగా, పెద్ద ముక్కలుగా చదివినా ఏమీ గుర్తు లేదంటే అప్పుడు పుస్తకాన్ని అనుమానించవచ్చు.

కథల సంపుటి విషయంలో పుస్తకం మొత్తానికి అయిదు వాక్యాలు రాసే ప్రయత్నం చేయకండి, రాదు. విషయసూచిక ముందు పెట్టుకుని, శీర్షిక చూడగానే కథ గుర్తొచ్చిన వాటి పక్కన చుక్క పెట్టండి. పద్నాలుగు కథల్లో ఆరు చుక్కలంటే మంచి సంపుటే. పద్నాలుగూ ఒకే వారంలో గబగబా చదివేస్తే మూడే పడతాయి. ఆ లోపం కథకుడిది కాదు.

ఆగిపోయిన పుస్తకాన్ని పరీక్షించడం

లెక్కలో అసలు సారం ఈ దొంతరలోనే ఉంది, కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఆగిన పేజీ తెరిచి, దానికి ముందు మూడు పేజీలు మళ్లీ చదవండి. ఆగిన కారణం సాధారణంగా అక్కడే పట్టుబడుతుంది.

మొదట అచ్చు చూడండి. పాత పుస్తకాల్లో ఒత్తులు అలుక్కుపోయి, వరసలు ఇరుగ్గా ఉంటే కళ్లు అలసి పుస్తకం పక్కన పెడతాం, పైకి మాత్రం ‘బోరు’ అంటాం. పేరాను వెలుతురు బాగా ఉన్నచోట, వీలైతే కిటికీ పక్కన, చదివి చూడండి. సాఫీగా సాగితే మీకు కావలసింది అదే పుస్తకానికి కొత్త ముద్రణ.

తర్వాత భాష. మన ఉత్తరాంధ్ర రచయితల పుస్తకాలు ఇక్కడివాళ్ల దగ్గరే సగంలో ఆగడం విడ్డూరమే కానీ జరుగుతుంది. ఇంట్లో వినే యాస కాగితం మీద కనిపిస్తే కన్ను తడబడుతుంది, ఎందుకంటే బడి మనకు వేరే తెలుగు చదవడం నేర్పింది. విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి కోర్టు వాకిట్లో మనుషుల చేత మాట్లాడించిన తీరు కళ్లతో చదివితే నెమ్మది, చెవితో వింటే వేగం. ఇలాంటి పుస్తకం ఆగితే మొదటి పది పేజీలు పైకి చదవండి. నోరు తిరిగాక మౌనంగా చదివినా లోపల ఆ గొంతు వినబడుతూనే ఉంటుంది.

మూడోది, ముద్రణ తేడా. నాటకాలు, పాత నవలలు కొన్ని ఒకటికి మించిన రూపాల్లో ఉంటాయి. ‘కన్యాశుల్కం’ 1897లో ఒకసారి అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్పులు చేసి, 1909లో మళ్లీ ప్రచురించాడు. ఈనాడు అందరూ మాట్లాడేది ఆ రెండో కూర్పు గురించి. ఒకటి చదువుతూ ఇంకొకదాని మీద రాసిన వ్యాసం పక్కన పెట్టుకుంటే ఏదీ కుదరక ఆగిపోతారు. ముందుమాట చదివితే ఏ కూర్పో తెలుస్తుంది. ఆ పది నిమిషాలు దండగ కావు.

ఈ మూడూ కాకపోతే సమయం సరిపడక ఆగిందా, ఇష్టం లేక ఆగిందా అన్నది తేల్చాలి. పుస్తకంలో అయిదో వంతు దాటి, అంటే 250 పేజీల దాంట్లో 50 దాటి, తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న కోరిక ఏ కొంచెమూ లేకపోతే వదిలేయండి. వరస చివర ‘వదిలాను’ అని రాసి, లైబ్రరీదైతే తిరిగిచ్చి, సొంతదైతే ఎవరికైనా ఇచ్చేయండి. ‘ఎప్పుడో చదువుతాను’ అన్న దొంతర పెరిగితే అది ప్రతి నెలా కొత్త పుస్తకాన్ని నేరభావంతో మొదలుపెట్టిస్తుంది. అయిదో వంతు లోపలే ఆగినదానికి ఇంకొక్క అవకాశం, అదీ వచ్చే నెలలోనే. రెండోసారీ ఆగితే ఇక దాని ఊసు వద్దు.

మీ వేగం కొలవండి

‘నెలకు నాలుగు పుస్తకాలు’ అన్నది కొలతే కాదు. అచ్చులో డెమ్మీ సైజు పేజీకి 28 వరసలు, వరసకు 7 మాటలు ఉంటే దాదాపు 200 మాటలు. చిన్నదైన క్రౌన్ సైజు పేజీలో 24 వరసలు, 6 మాటలు ఉంటే 144. రెండూ 200 పేజీల పుస్తకాలే, చదవడంలో మాత్రం నాలుగో వంతుకు పైగా తేడా. చేతిలో ఉన్న పుస్తకంలో ఒక నిండు పేజీ వరసలు లెక్కబెట్టి, అయిదు వరసల్లో మాటల సగటు తీసి గుణించండి. ఇంగ్లిషు పుస్తకం వేగంతో తెలుగును పోల్చకండి. మన మాట విభక్తులనూ ప్రత్యయాలనూ తనలోనే మోసుకొస్తుంది కనుక నిమిషానికి మాటల సంఖ్య తక్కువే ఉంటుంది.

ఇప్పుడు ఫోను ఇంకో గదిలో పెట్టి పది పేజీలు చదివి సమయం చూడండి. ఇరవై నిమిషాలు పట్టిందనుకుందాం. రోజుకు నిజంగా దొరికేది 35 నిమిషాలు, నెలలో చదవగల రోజులు 22. మొత్తం 770 నిమిషాలు, అంటే 385 పేజీలు. దాంట్లోంచి నాలుగో వంతు కొట్టేయండి, దాదాపు 290 మిగులుతుంది. వచ్చే నెల మీ పద్దు అదే. కొట్టేసిన ఆ వంతు జ్వరాలకీ, చుట్టాలకీ, కరెంటు పోయిన రాత్రులకీ.

‘22 రోజులు’ అన్న అంకె దగ్గర చాలామంది తమని తాము మోసం చేసుకుంటారు. క్యాలెండరు ముందు పెట్టుకుని కొట్టివేతలు చేయండి. మార్గశిరంలో గురువారాలు కనకమహాలక్ష్మి గుడికి వెళ్లే ఇంట్లో ఆ రోజులు చదువుకి రావు. సంక్రాంతికి వారం పోతుంది. పిల్లల పరీక్షల మార్చి, ఉక్కపోతతో మధ్యాహ్నాలు పనికిరాని మే నెల వేర్వేరు లెక్కలు. స్టీల్ ప్లాంట్‌లో, పోర్టులో షిఫ్టుల మీద ఉన్నవాళ్లు సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) వారాన్ని సున్నాగా వేసుకోవడం మంచిది. ఆ వారం ఒక్క పేజీ తిరిగినా లాభం కిందే.

ప్రయాణ సమయాన్ని విడిగా రాయండి. కూర్మన్నపాలెం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా కూర్చుని వస్తే ఒక కథ పూర్తవుతుంది, దారిలో ఎన్ఏడీ కూడలి దగ్గర ఎక్కి నిలబడితే అదీ లేదు. బస్సుకి కథలే, నవల వద్దు. కుదుపులో వరస తప్పినా కథలో తొందరగా దొరుకుతుంది. అరకు రైలుకి మాత్రం పుస్తకం పట్టుకెళ్లి చదివినవాళ్లు తక్కువ. వరసగా సొరంగాలు, మధ్యలో లోయలు. అట్ట మీద వేలు పెట్టుకుని కిటికీలోంచి చూడ్డమే అవుతుంది.

ఎంపిక

రెండో పూట కూర్చున్నప్పుడు కొత్త జాబితాలేవీ తెరవకండి, నోటుబుక్కు ఒక్కటే ముందుండాలి. 290 పేజీల పద్దుకి మూడు పుస్తకాలు చాలు.

మొదటిది, గత నెల మీకు బాగా గుర్తున్నదాని నుంచి రావాలి. ఆ అయిదు వాక్యాలు చదివి, ఏ వాక్యం దగ్గర ప్రశ్న మిగిలిందో చూడండి. జాలరిపేట మీద వచ్చిన నవల చదివి ‘వలల అప్పు ఎలా తీరుతుందో రచయిత చెప్పలేదు’ అని రాసుకుంటే, వచ్చే నెల ప్రధాన పుస్తకం మత్స్యకారుల బతుకు మీద వచ్చిన వ్యాసాలో, సర్వేనో కావచ్చు. అదే రచయిత ఇంకో నవల అన్నది సులువైన దారి, ఒక్కోసారి సరైనదీ, కానీ వరసగా మూడోది తీయకండి. ఆ రచయిత అలవాట్లు కళ్లకు కట్టి విసుగొస్తుంది. దీనికి 170 పేజీల వరకు కేటాయించండి.

రెండోది ఆగిపోయిన దొంతరలో మీరు మరో అవకాశం ఇస్తానన్న పుస్తకం. మొత్తం వేసుకోకండి, 70 పేజీలు చాలు.

మూడోది పలచటిది, 50 పేజీల లోపు: కవిత్వమో, నాటికో, ఒక పెద్ద కథో. మొదటిదానితో సంబంధం లేనిది కావాలి. ప్రధాన పుస్తకం బరువెక్కిన రోజున ఇది తెరిస్తే ఆ రోజు ఖాళీ పోదు.

ఇక మిగిలిన ఆశలన్నీ నోటుబుక్కు చివరి పేజీలో ‘చూడాలి’ అని రాసుకోండి. ప్రతి పేరు పక్కన ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో కూడా. మూడు నెలలకు ఆ ‘ఎందుకు’ చదివి మీకే ఆసక్తి లేకపోతే కొట్టేయండి.

సంపాదించడం

ముందు లైబ్రరీ. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో, జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఉన్న గ్రంథాలయాల్లో వెతకండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మీరు ఇప్పటికే కడుతున్నారు. జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) పన్ను కాగితం తీసి చూడండి, వరస కనిపిస్తుంది. సభ్యత్వానికి చిరునామా రుజువు, ఫొటోలు, ధరావతు పట్టుకెళ్లండి. సెలవు ఆదివారమే అనుకుని వెళ్తే తలుపులు మూసి ఉండొచ్చు, బోర్డు మీద సెలవు రోజు చూసి నోటుబుక్కులో రాసుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం పరిశోధనకు పెద్ద దిక్కు, కాకపోతే బయటివాళ్లు అనుమతి సంగతి ముందే కనుక్కుని వెళ్లాలి.

పాత కథలు కావాలంటే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. ఒక్క కథ కోసం వందకు పైగా కిలోమీటర్లు పోనక్కర్లేదు, దాని వెబ్‌సైట్లో స్కాన్ చేసిన కథలు చాలా ఉన్నాయి. మనదేశంలో రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. అవి తీరిపోయిన పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్లోనూ, తెలుగు వికీసోర్స్‌లోనూ దొరుకుతాయి. స్కాన్ దించుకోగానే చివరి పేజీ ఉందో లేదో చూడండి, ఆపైన ప్రతి 50 పేజీలకు అంకె సరిచూడండి. సగం చదివాక 112 తర్వాత 117 రావడం అరుదేమీ కాదు. ఫోన్లో అయితే అడ్డంగా తిప్పి సగం సగం పేజీ చదవండి, నిలువుగా డెమ్మీ పేజీ మొత్తం పట్టిస్తే అక్షరం చీమంతవుతుంది.

కొనేటప్పుడు ముందు అట్ట లోపలి పేజీ తిరగేయండి. ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, ఎన్ని ప్రతులు అన్నవి తెలుగు ప్రచురణకర్తలు తరచూ అక్కడే వేస్తారు. 500 ప్రతులు, మూడేళ్ల కిందటి ముద్రణ అని ఉంటే, ‘చూడాలి’ జాబితాలో అది ఉంటే, వాయిదా వేయకుండా కొనడమే తెలివి. మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదు. వేలల్లో వేసి పదిసార్లు ముద్రణకు వచ్చినదాన్ని తొందరపడి కొననక్కర్లేదు.

తర్వాత ఫారాలు చూడండి. పుస్తకం సాధారణంగా 16 పేజీల ఫారాలుగా కుట్టుబడుతుంది. బైండింగులో ఒక ఫారం రెండుసార్లు పడి ఇంకొకటి ఎగిరిపోవడం జరిగే తప్పు. 1, 17, 33, 49 అలా పదహారేసి కూడుకుంటూ ఆ పేజీలు తిప్పితే రెండు నిమిషాల్లో తేలుతుంది. ముందుమాటకు వేరే అంకెలు ఉంటే అక్కడి నుంచి లెక్క జరుపుకోండి. కౌంటరు దగ్గరే కనిపెడితే మార్చి ఇస్తారు, నెల తర్వాత పట్టుకెళ్తే రసీదుతో కూడా మాటలు పడాలి. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు, కొత్త సంవత్సరం మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. వీటిని ముందే క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, ఆ ముందు నెల కొనుగోళ్లు ఆపితే డబ్బూ చోటూ మిగులుతాయి.

ఎంచుకున్న మూడూ అలమరలో కాకుండా మీరు కూర్చునే చోట ఉండాలి. సముద్రపు గాలికి ఇక్కడ కాగితం తేమ పీల్చుకుంటుంది, కాబట్టి గోడకు ఆనించకుండా రెండు అంగుళాలు ఎడం ఉంచండి. వానల్లో బూజు కనిపిస్తే ఎండలో పడేయొద్దు, అట్ట వంకర పోతుంది. నీడలో ఫ్యాను కింద విప్పి ఆరబెట్టి, ఆరాక మెత్తటి బ్రష్షుతో బాల్కనీలో దులపండి.

పదిహేనో తేదీ

నెల మధ్యలో ఒక్కసారి, పది నిమిషాలు మించకుండా, ఆగిన పేజీలు చూసుకోండి. 290లో 120 దాటితే జాబితాను కదిలించకండి. 80 దగ్గరే ఉంటే రెండో పుస్తకాన్ని ఈ నెల నుంచి తీసేసి, ప్రధాన పుస్తకాన్నీ పలచటిదాన్నీ మాత్రమే ఉంచండి. ప్రధానమైనదే కదలకపోతే పైన చెప్పిన పరీక్ష, అంటే వెనక్కి మూడు పేజీలు, అచ్చు, భాష, కూర్పు, ఆ రోజే చేయండి. తప్పు దొరికితే సరిచేసుకుని కొనసాగించండి. దొరక్కపోతే దాన్ని తీసేసి ‘చూడాలి’ పేజీలో 100 పేజీల లోపు ఉన్నది ఏదైనా తెచ్చుకోండి. తేదీతో సహా ఆ మార్పు నోటుబుక్కులో పడాలి, లేకపోతే చివరి ఆదివారం లెక్క చూసేటప్పుడు ఆ పుస్తకం ఎందుకు మాయమైందో గుర్తుండదు.